ఛాంపియన్ కాని పాల్ కెరెస్ ఆటలను పిల్లలకు ఏమని చెప్పి చూపించాలి?

పానగల్లు మాస్టారు (నల్లగొండ) అడిగినది:

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో లెక్కల ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. ఆదివారం పొద్దున పూట మా ఇంటి వసారాలో 11 మంది పిల్లలకు చదరంగం చెబుతున్నాను. రుసుమేమీ లేదు. నోటుబుక్కు, పెన్సిలు తెచ్చుకోవాలన్నది ఒక్కటే షరతు. ఫోనులో ఆడటానికి అలవాటు పడ్డ పిల్లలకు ఎత్తులు రాసుకునే పద్ధతి తెలియక, తాము ఆడిన ఆటనే అరగంట తరువాత మరిచిపోవడం చూసి పెట్టిన షరతు అది.

పోయిన ఆదివారం గోడకు వేలాడదీసే అయస్కాంతపు బోర్డు మీద, 1935లో వార్సాలో జరిగిన చదరంగం ఒలింపియాడ్‌లో (దేశాల జట్ల పోటీ) పాల్ కెరెస్ ఇంగ్లండు ఆటగాడు విలియం వింటర్ మీద గెలిచిన ఆటను పెట్టాను. అప్పుడు కెరెస్ వయసు 19 ఏళ్లు, ఎస్తోనియా జట్టులో మొదటి బల్ల ఆయనదే. ఆట కూడా 19 ఎత్తుల్లోనే ముగిసింది. తెల్లపావులతో ఆడుతున్న కెరెస్ వరుసగా బంట్లను వదిలేస్తూ పోతుంటే, ఒకే ఒక్క నల్లబంటు మూడింటిని మింగుతూ వచ్చి, ఇంకొక్క గడి దాటితే మంత్రి అయ్యే చోట నిలబడింది. అయితే ఈ తిండి గొడవలో పడి నల్లరాజు కోట కట్టుకోవడం (ఏనుగు చాటుకు చేరడం) మరిచిపోయాడు. 13వ ఎత్తులో తెల్లగుర్రం దూకి, రాజును ఆనుకుని ఉన్న బంటును చంపింది. రాజు ఆ గుర్రాన్ని చంపాడు. మంత్రి కుడి అంచుకు వచ్చి చెక్ చెప్పగానే నల్లవాడు ఒక బంటును ముందుకు తోసి అడ్డుపెట్టాడు. అప్పుడు కెరెస్ తన శకటుతో ఆ అడ్డుబంటునే కొట్టాడు. చూసేవాళ్లకు శకటు ఊరికే పోయినట్టే అనిపిస్తుంది.

అక్కడ ఆపి, శకటును ఎందుకు ఇచ్చాడో చెప్పమని అడిగాను. చాలాసేపు ఎవరూ పలకలేదు. ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి లేచి బోర్డు దగ్గరికి వచ్చి, అంచు బంటు మీద వేలు పెట్టి, "ఈ బంటు శకటును చంపడానికి పక్కకు పోతది సార్, అప్పుడు ఏనుగు తలుపు తెరుసుకుంటది" అంది. మంత్రి నేరుగా మూలకు పోయి ఏనుగును చంపడం ఆ పాప తానే చేసి చూపించింది. నా 30 ఏళ్ల పాఠాల్లో అంత తృప్తి కలిగిన క్షణాలు చాలా కొద్ది.

ఆ వెంటనే ఆ పిల్లే అడిగింది: "ఈయన వరల్డ్ ఛాంపియనా సార్?" కాదమ్మా అన్నాను. "మరి ఛాంపియన్ గాని ఆయన ఆటలు మనమెందుకు జూడాలె సార్? గుకేశ్ 18 ఏండ్లకే అయిండు గద!"

నేను చెప్పిన జవాబు ఏమీ బాగాలేదు. యుద్ధం వచ్చిందని, రోజులు కలిసిరాలేదని, ఛాంపియన్‌తో తలపడేది ఎవరో తేల్చే క్యాండిడేట్స్ పోటీల్లో వరుసగా నాలుగింట రెండో స్థానం దగ్గరే ఆగిపోయాడని చెప్పాను. పిల్లలు "అయ్యో పాపం" అనుకుంటూ చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. నేను పెట్టిన ఆట అయ్యో పాపం అనిపించుకోవలసిన ఆట కాదు కదా. కెరెస్ మీద నాకున్న అభిమానంలో ఆటను చూసి కలిగినదెంత, దురదృష్టపు కథ విని కలిగినదెంత అని ఆ రాత్రి నాకే సందేహం వచ్చింది. జాలిని పక్కన పెట్టి, 13 ఏళ్ల పిల్లకు ఆయన గొప్పతనాన్ని ఎలా చెప్పాలో ఇక్కడి పెద్దలు చెప్పగలరా?


పోస్టుకార్డు ఆటగాడు (మిర్యాలగూడ) జవాబు:

మాస్టారూ, ఈ ప్రశ్నకు నాకు తోచిన జవాబు మీ నోటుబుక్కు షరతులోనే ఉంది.

కెరెస్ 1916లో నార్వాలో పుట్టి పార్నూ అనే చిన్న పట్టణంలో పెరిగాడు. తండ్రి బట్టలు కుట్టేవాడు. చదరంగం తండ్రి దగ్గర, అన్న దగ్గర నేర్చుకున్నాడు. ఆ ఊళ్లో తనకు దీటైన ఆటగాడు లేడు, పుస్తకాలు దొరకవు. అందుకని దొరికిన ఆటనల్లా చేత్తో రాసుకుంటూ వందల ఆటలు పోగేసుకున్నాడు. ఎదురుగా కూర్చుని ఆడేవాడు లేనప్పుడు ఉత్తరాల మీద ఆడటం మొదలుపెట్టి, ఒక దశలో ఒకేసారి 150 ఆటల దాకా నడిపించాడు.

ఉత్తరాల ఆట అంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు చెబితే నమ్మరు కాబట్టి నా అనుభవం చెబుతాను. 1980లలో నేను రైసుమిల్లులో గుమాస్తాగా ఉన్నప్పుడు, పోస్టుకార్డుల మీద ఒకేసారి ఆరు ఆటలు ఆడేవాణ్ని. ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క అట్టముక్క, దాని మీద గళ్లు గీసి, పావుల పేర్లు పెన్సిలుతో రాసి, కార్డు వచ్చినప్పుడల్లా చెరిపి మళ్లీ రాసేవాణ్ని. కార్డు పోయి జవాబు రావడానికి పది, పన్నెండు రోజులు పట్టేది. ఒక ఆటలో నాకు గెలుపు ఖాయమైన సమయంలో, వచ్చిన కార్డు మా ఇంట్లోనే కిరాణా చిట్టీల్లో కలిసిపోయి, గడువు దాటాక దొరికింది. ఓడిపోయినట్టు నేనే రాసి పంపవలసి వచ్చింది. (ఆ కార్డు ఇప్పటికీ దాచుకున్నాను.) ఇంతకీ చెప్పదలచిందేమిటంటే, ఎత్తుకూ ఎత్తుకూ మధ్య పది రోజులు ఉన్నప్పుడు మనిషి బల్ల మీద ధైర్యం చాలని దారుల్లోకి కూడా వెళ్లి చూస్తాడు. శకటును ఇచ్చేస్తే ఏమవుతుంది, మూడు బంట్లు పోయినా పరవాలేదా అని నిదానంగా తవ్వుకుంటూ పోవచ్చు. వార్సాలో 19 ఏళ్ల కుర్రాడు వింటర్ మీద అంత నిబ్బరంగా బలులు ఇచ్చాడంటే, ఆ నిబ్బరం పార్నూలో ఉత్తరాల మధ్య కూర్చుని సంపాదించుకున్నదేనని నా నమ్మకం.

అక్కడి నుంచి ఎంత దూరం వెళ్లాడో కూడా పిల్లలకు చెప్పండి. వార్సా తరువాత మూడేళ్లకు, 1938లో, ఆవ్రో అనే డచ్చి రేడియో సంస్థ అప్పటి ప్రపంచంలోని మేటి ఆటగాళ్లను ఎనిమిది మందిని పిలిచి పోటీ పెట్టింది. అలెఖిన్, కాపాబ్లాంకా, యూవే, బోట్వినిక్, రెషెవ్‌స్కీ, ఫైన్, ఫ్లోర్, కెరెస్. 14 ఆటల్లో 8.5 పాయింట్లతో కెరెస్, రూబెన్ ఫైన్ సమానంగా మొదటి స్థానంలో నిలిచారు. వాళ్లిద్దరి మధ్య ఆటల్లో కెరెస్‌దే పైచేయి కావడంతో ఆయన పేరు ముందు వచ్చింది. ఇక అప్పటి ఛాంపియన్ అలెఖిన్‌తో కిరీటం కోసం మ్యాచ్ జరుగుతుందని అందరూ ఎదురుచూస్తుండగా 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. ఆ మ్యాచ్ జరగలేదు, 1946లో అలెఖిన్ ఛాంపియన్‌గానే చనిపోయాడు.

మీ పాపకు నేనైతే ఇలా చెబుతాను: ఎదురుగా ఆడేవాడు లేని ఊళ్లో ఉండి, నోటుబుక్కు సాయంతో ప్రపంచంలోని మొదటి వరుసలోకి వచ్చినవాడి ఆటలు చూస్తే, నల్లగొండలో ఉన్న పిల్లకు దారి కనబడుతుంది.


ఒంటె గడి (మహబూబ్‌నగర్) జవాబు:

పెద్దలిద్దరికీ నమస్కారం. మా ఇంట్లో శకటును ఒంటె అనే అనేవాళ్లం, అందుకే ఈ పేరు పెట్టుకున్నాను. నేను కొంచెం కటువుగా రాయవలసి వస్తున్నందుకు మన్నించండి.

కెరెస్ గురించి తెలుగులో మాట్లాడుకున్నప్పుడల్లా "యుద్ధం రాకపోతే" అన్న మాటతో మొదలుపెడతాం. యుద్ధం ఒక్క మ్యాచ్‌ను ఎత్తుకుపోయింది, నిజమే. ఆ తరువాత ఆయనకు అవకాశాలు రాలేదా? 1950 నుంచి 1965 దాకా ప్రతి క్యాండిడేట్స్ దశలోనూ ఆయన ఉన్నాడు. 1953లో జూరిచ్‌లో స్మిస్లోవ్ వెనుక మరో ఇద్దరితో కలిసి రెండో స్థానం, 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండో స్థానం, 1959లో తాల్ వెనుక రెండో స్థానం, 1962లో కురసావోలో పెట్రోసియన్ కంటే అర పాయింటు తక్కువతో గెల్లర్‌తో కలిసి రెండో స్థానం, 1965లో స్పాస్కీ చేతిలో మ్యాచ్ ఓటమి. ఇన్నిసార్లు తలుపు దాకా వచ్చి ఆగినవాడి గురించి మాట్లాడేటప్పుడు నెపమంతా కాలం మీద వేసేస్తే ఆయన ఆటనే మనం సరిగా చదవనట్టు.

జూరిచ్ ఆట ఒకటి చూడండి. 24వ రౌండు, ఎదురుగా స్మిస్లోవ్. కెరెస్ తెల్ల ఏనుగును కుడి అంచు వరుసకు తెచ్చి నల్లరాజు కోట మీదికి గురిపెట్టాడు. నల్లవాడు బంటును ఒక గడి తోసి ఆ ఏనుగును బెదిరించాడు. ఎవరైనా ఏనుగును వెనక్కి తీస్తారు. కెరెస్ దాన్ని అక్కడే వదిలి, రెండో ఏనుగును కూడా దాని వెనుకకు తెచ్చి నిలబెట్టాడు. బంటుతో ఆ ఏనుగును చంపితే తెల్లమంత్రి అంచు వరుసలోకి దూకుతుంది, రాజు చుట్టూ గోడ ఉండదు. స్మిస్లోవ్ చాలాసేపు ఆలోచించి, ఏనుగును ముట్టకుండా, బోర్డుకు అవతలి పక్కన ఒక బంటును చంపాడు. అలా చంపిన ఆ బంటే తరువాత రెండు గడులు దిగి, మంత్రి కావడానికి ఒక్క అడుగు దూరంలో కూర్చుంది. 28వ ఎత్తుకు కెరెస్ ఓటమి ఒప్పుకున్నాడు.

మాస్టారు చెప్పిన వార్సా ఆటలో నల్లబంటు రెండో వరుస దాకా దిగి వచ్చినా ఏమీ చేయలేకపోయింది. జూరిచ్‌లో అలాగే దిగి వచ్చిన బంటు ఆటను గెలిపించింది. వింటర్ ఇచ్చినవన్నీ తిన్నాడు. స్మిస్లోవ్ తినలేదు. కెరెస్ కాలంలో ఛాంపియన్లు అయినవాళ్లకూ ఆయనకూ ఉన్న తేడా నాకు ఈ రెండు ఆటల మధ్యే కనిపిస్తుంది. కురసావోలో కూడా అంతే. 27వ రౌండులో, అదే పోటీలో అంతకుముందు తన చేతిలో ఓడిన పాల్ బెంకో మీద ఓడిపోయాడు. ఆ తరువాత మిగిలింది ఒక్క రౌండు.

ఛాంపియన్ అయిన బోట్వినిక్ సంగతి వేరు. పొగ పడని మనిషి కాబట్టి, సాధన ఆటల్లో ఎదుటివాడి చేత కావాలని సిగరెట్లు కాల్పించుకుని ఆడి అలవాటు చేసుకున్నాడని చెబుతారు. గెలవడమనే పనికి ఆయన అంతగా ఒడిగట్టాడు. కెరెస్‌కు అందమైన ఎత్తు మీద ఉన్న మోజు ఫలితం మీద లేదని నేను అనుకుంటాను. దాన్ని గుణంగా మెచ్చుకుంటామా, లోపంగా చూస్తామా అన్నది ఎవరిష్టం వారిది. లోపం కూడా ఉన్న మనిషిగా ఆయన్ను పిల్లలకు చూపించడమే న్యాయమని నా అభిప్రాయం.


తుంగభద్ర ఒడ్డు (గద్వాల) జవాబు:

ఒంటె గడి గారూ, మీ జూరిచ్ వివరణ చాలా బాగుంది, అది మాత్రం కాదనను. కాని మీ జాబితాలో 1948 లేదు. దాన్ని దాటేసి కెరెస్ గురించి తీర్పు చెప్పడం కుదరదు.

అలెఖిన్ మరణం తరువాత ఖాళీ అయిన కిరీటం కోసం 1948లో హేగ్‌లో, తరువాత మాస్కోలో ఐదుగురి మధ్య పోటీ జరిగింది. ఒక్కొక్కరితో ఐదేసి ఆటలు. బోట్వినిక్‌కు 14, స్మిస్లోవ్‌కు 11, కెరెస్‌కు, రెషెవ్‌స్కీకి 10.5 చొప్పున, యూవేకు 4 పాయింట్లు వచ్చాయి. కెరెస్ బోట్వినిక్‌తో ఆడిన మొదటి నాలుగు ఆటలూ ఓడిపోయి, బోట్వినిక్ కిరీటం ఖాయం చేసుకున్నాక జరిగిన ఐదో ఆట గెలిచాడు. సోవియట్ అధికారుల ఒత్తిడి మీద ఓడిపోయాడా అన్న అనుమానం అప్పటి నుంచీ ఉంది. తిరుగులేని రుజువు ఈ పక్కనా లేదు, ఆ పక్కనా లేదు. నేను కూడా ఆ ఆటలు ముందు వేసుకుని కూర్చున్నాను. కొన్నింటిలో కెరెస్ ఆట ఆయన ఆటలా అనిపించలేదు. అయితే భయంతో ఉన్న మనిషి ఎవరూ ఆదేశించకుండానే అలా ఆడగలడు కదా.

ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. 1940లో ఎస్తోనియాను సోవియట్ యూనియన్ కలిపేసుకుంది, 1941లో జర్మన్లు వచ్చారు, 1944లో సోవియట్లు తిరిగి వచ్చారు. ఉన్న ఇల్లు ఉన్నట్టే ఉండగా నాలుగేళ్లలో మూడుసార్లు ఏలికలు మారారు. జర్మన్ల కాలంలో కెరెస్ సాల్జ్‌బర్గ్, మ్యూనిక్ పోటీల్లో ఆడాడు. చదరంగం ఆడటమే బతుకుతెరువైన మనిషి ఆడకుండా ఎలా ఉంటాడు? సోవియట్లు తిరిగి వచ్చాక అవే ఆటలు ఆయన మెడకు చుట్టుకున్నాయి. 1946లో గ్రోనింగన్‌లో జరిగిన పెద్ద పోటీలో ఆయన లేడు. 1947లో మాత్రం సోవియట్ ఛాంపియన్ అయ్యాడు. ఆ మరుసటి ఏడాదే ఈ పోటీ.

నా పుట్టిల్లు సూర్యాపేట దగ్గర. 1948 అన్న అంకె వింటే మా ఇంట్లో చదరంగం గుర్తుకు రాదు. పగలు రజాకార్లు, రాత్రి దళాలు, ఆ సెప్టెంబరులో పోలీసు చర్య, ఆ తరువాత కూడా చాలాకాలం ఎవరు ఎవరికి అన్నం పెట్టారన్న ఆరా. మా తాతయ్య ఆ రోజుల్లో ఎవరి ముందు ఏ కాగితం మీద వేలిముద్ర వేశాడో బతికున్నంతకాలం చెప్పలేదు. మేము అడిగినప్పుడల్లా చుట్ట వెలిగించుకుని పశువుల కొట్టం వైపు వెళ్లిపోయేవాడు. ఆయన పిరికివాడని మాలో ఎవరమూ అనుకోలేదు. కెరెస్ కూడా ఆ నాలుగు ఆటల గురించి బహిరంగంగా ఎవరి మీదా నేరం మోపకుండానే వెళ్లిపోయాడు. అలాంటి మౌనాన్ని దగ్గర నుంచి చూసిన జిల్లా మనది కాబట్టి, "ఫలితం మీద మోజు లేదు" అని ఆయన గురించి అంత తేలికగా అనేయడానికి నాకు మనసు రాలేదు.

మాస్టారి ప్రశ్నకు వస్తే, మీరు జాలి పడటం తప్పు అంటున్నారు గాని, ఆయన ఏ పరిస్థితుల్లో ఆడాడో చెప్పకుండా ఉండటం కూడా తప్పే. వాళ్ల దేశంవాళ్లు ఏమనుకున్నారో చెప్పండి. 1975లో వాంకూవర్ పోటీ గెలిచి ఇంటికి తిరిగి వస్తూ, జూన్ 5న హెల్సింకీలో గుండెపోటుతో చనిపోయాడు. ఎస్తోనియా రాజధాని టాలిన్‌లో అంతిమయాత్రకు లక్ష మందికి పైగా వచ్చారు. ఎస్తోనియాకు మళ్లీ స్వాతంత్ర్యం వచ్చాక తమ 5 క్రోన్ల నోటు మీద ఆయన బొమ్మ వేసుకున్నారు. యూరో వచ్చాక ఆ నోటు పోయింది, 2016లో ఆయన శతజయంతికి 2 యూరోల నాణెం తెచ్చారు. ఛాంపియన్లు అయినవాళ్లలో ఎంతమంది ముఖాలు నోట్ల మీద ఉన్నాయి?

ఇంకొక్క మాట. పిల్లలకు దూరపు ఉదాహరణ అర్థం కాకపోతే కోనేరు హంపిని గుర్తు చేయండి. 2011లో తిరానాలో హౌ ఇఫాన్‌తో కిరీటం కోసం ఆడి ఓడిపోయింది. తక్కువ సమయంలో ముగించే ర్యాపిడ్ ఆటలో 2019లోనూ 2024లోనూ ప్రపంచ విజేత అయింది. తిరానాలో ఓడింది కాబట్టి హంపి ఆటలు చూడనక్కరలేదని మన ఆడపిల్లల్లో ఎవరైనా అంటారా?


బంటు తోపు (దేవరకొండ) జవాబు:

పెద్దలు ఇంత చరిత్ర చెప్పాక నేను చెప్పేది చిన్న మాట. నేను బీటెక్ మూడో సంవత్సరం, హైదరాబాదులో హాస్టల్‌లో ఉంటాను, ఎక్కువగా ఫోనులోనే ఆడతాను. ఎదుటివాడు నల్లపావులతో సిసిలియన్ అనే ఆరంభంలో షెవెనింగన్ అనే పద్ధతి ఆడితే నేను ఆరో ఎత్తులోనే రాజు పక్కనున్న గుర్రపు బంటును రెండు గడులు తోసేస్తాను. రాజు కోట కట్టుకోక ముందే సొంత గోడను పగలగొట్టుకున్నట్టు కనిపించే ఎత్తు అది. దానికి కెరెస్ దాడి అనే పేరుంది. 1943లో సాల్జ్‌బర్గ్‌లో బొగొల్యూబోవ్ మీద ఆయన ఆడాడు. రెండేళ్లు ఆ ఎత్తు ఆడాక గాని కెరెస్ అంటే ఒక మనిషి అని నాకు తెలియలేదు, ఏదో ఊరి పేరు అనుకున్నాను.

తుంగభద్ర గారు చెప్పిన జర్మన్ పోటీల్లోనే ఈ ఎత్తు పుట్టిందని ఇప్పుడే గమనించాను. ఆయన మెడకు చుట్టుకున్న పోటీ నుంచి వచ్చిన ఎత్తును ఈ రోజు దేవరకొండవాడు హాస్టల్ మంచం మీద పడుకుని ఆడుతున్నాడు. మాస్టారూ, ఆ పాపకు ఆ ఎత్తు నేర్పించండి, పేరు తరువాత చెప్పండి.


ఒంటె గడి (మహబూబ్‌నగర్) మళ్లీ:

తుంగభద్ర గారూ, మీ తాతయ్య సంగతి చదివాక నిన్న రాత్రి నా జవాబును మళ్లీ చదువుకున్నాను. "మోజు లేదు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక మనిషి లోపల ఏముందో 28 ఎత్తుల ఆటను చూసి చెప్పడం నా తాహతుకు మించిన పని.

జూరిచ్ గురించి, కురసావో గురించి మాత్రం నా మాట మీదే ఉన్నాను. కురసావోలో పెట్రోసియన్, గెల్లర్, కెరెస్ తమలో తాము ఆడుకున్న 12 ఆటలూ డ్రా చేసుకున్నారు. అది ముందే కుదుర్చుకున్న ఒప్పందమని ఫిషర్ పెద్ద రాద్ధాంతం చేశాడు, ఆ తరువాతి క్యాండిడేట్స్‌ను మ్యాచ్‌ల పద్ధతికి మార్చారు. ఆ ఒప్పందం వల్ల ఎవరికైనా లాభం కలిగిందంటే పెట్రోసియన్‌కే గాని కెరెస్‌కు కాదు. 46 ఏళ్ల వయసులో ఆయన అక్కడ గెలవవలసిన ఆటలు ఆ 12 లోనే ఉన్నాయి. దీన్ని లోపం అనకుండా ఉండలేను.

అయితే నా మొదటి జవాబులో ఒక అన్యాయం జరిగింది. 1959 అని రాసి, తాల్ వెనుక రెండో స్థానం అని ఒక్క ముక్కలో దాటేశాను. ఆ పోటీలో తాల్‌కు 20, కెరెస్‌కు 18.5 పాయింట్లు. వాళ్లిద్దరి మధ్య జరిగిన నాలుగు ఆటల్లో మాత్రం కెరెస్ మూడు గెలిచి, ఒకటి ఓడాడు. అంటే ఛాంపియన్ కాబోయేవాణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని 3-1తో ఓడించి, మిగిలినవాళ్ల దగ్గర తాల్ కొల్లగొట్టినంత కొల్లగొట్టలేక రెండోవాడయ్యాడు. కాపాబ్లాంకా నుంచి ఫిషర్ వరకు తొమ్మిది మంది ప్రపంచ ఛాంపియన్లను ఆయన ఏదో ఒక ఆటలో ఓడించాడు. మాస్టారి పాప "ఛాంపియన్ కాని ఆయన ఆటలు ఎందుకు" అని అడిగితే, ఛాంపియన్లు ఎలా ఓడిపోతారో చూడటానికి అని చెప్పవచ్చు. ఈ జవాబులో జాలి లేదు, యుద్ధమూ లేదు.


పానగల్లు మాస్టారు (నల్లగొండ) మళ్లీ:

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవన్నీ ఈ ఆదివారం చెప్పేద్దామని కాగితం మీద రాసుకుని కూర్చున్నాను గాని, పిల్లలు వచ్చాక ఆ కాగితం తీయలేదు.

ఒంటె గడి గారు రాసిన జూరిచ్ ఆటను బోర్డు మీద పెట్టి, పేర్లు చెప్పకుండా, రెండో ఏనుగు వచ్చి నిలిచిన చోట ఆపాను. నల్లపావులు మీవి, ఏనుగును చంపుతారా మానేస్తారా, నోటుబుక్కులో రాయండి అని పది నిమిషాలు ఇచ్చాను. 11 మందిలో ఎనిమిది మంది చంపుతామని రాశారు. మన పాప కూడా చంపుతాననే రాసింది. ఏనుగు ఊరికే వస్తుంటే ఎవరొద్దంటారు సార్ అన్నాడు ఒకడు. అప్పుడు ఆ ఏనుగును వాళ్ల చేతనే చంపించి, తెల్లమంత్రిని అంచుకు తెచ్చి, ఇప్పుడు రాజును కాపాడమన్నాను. వసారాలో పెద్ద రభస అయింది. ఒకరు చెప్పిన ఎత్తును ఇంకొకరు కొట్టిపారేస్తూ మధ్యాహ్నం భోజనాల వేళ దాటినా తేలలేదు. ఒకరిద్దరి తల్లులు ఫోన్లు చేశారు.

చివరకు అసలు ఆటలో నల్లవాడు ఏనుగును ముట్టలేదని చెప్పి, మిగిలిన ఎత్తులు చూపించాను. తెల్లవాడు ఎవరో చెప్పాను. "ఇంత బాగా పెట్టినంక కూడ ఓడిపోయిండా!" అంది పాప. ఆ గొంతులో పోయిన వారపు అయ్యో పాపం లేదు. తనకే మోసం జరిగినంత కోపం ఉంది. మరి నల్లవాడు అయ్యాడా ఛాంపియన్ అని అడిగింది. 1957లో అయ్యాడు, ఆయన పేరు స్మిస్లోవ్ అని చెప్పాను. ఆ పేరును, కెరెస్ పేరును పక్కపక్కన రాసుకుని, రెండో పేరు కింద రెండు గీతలు గీసింది. ఎందుకని నేను అడగలేదు.

ఇంటికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, ఈయన ఛాంపియన్లను ఓడించిన ఆట ఒకటి వచ్చే వారం పెట్టమంది. తాల్ మీద గెలిచిన మూడింటిలో 13 ఏళ్ల పిల్లలకు అందేది ఏదో ఒంటె గడి గారు శనివారం లోపల చెబితే, బోర్డు మీద ఒకసారి నేను ముందుగా ఆడి చూసుకుంటాను.